కారు చూడని కారు షెడ్డు

రాసుకో బిడ్డా. నేను చెప్పేది నువ్వు పుస్తకాల్లో రాసే తీరుగానే రాయి, చదివేవాళ్ళకు తేలిగ్గా ఉంటుంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు. ముఖ్యంగా మీ తాత మాటలు దిద్దకు. ఆయన్ని దిద్దుదామని పెళ్ళయిన దగ్గరి నుంచి చూస్తున్నాను, నా వల్లే కాలేదు.

ఇబ్రహీంపట్నంలో మేము అమ్మేసిన ఇంటి సంగతి చెబుతాను. ఇంటి సంగతి కూడా కాదు, ఆ ఇంటి కారు షెడ్డు సంగతి. ఇల్లు అమ్మడం సులభమే, షెడ్డు ఖాళీ చేయడమే కష్టం. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి నీకు సగమే తెలుసు. ఆ సగం కూడా మీ తాత చెప్పిందే కాబట్టి నమ్మకు.

సాగర్ రోడ్డు మీద బస్సు డిపో దాటాక లోపలికి తిరిగితే మా వాడ. మేము ఉండేది పై అంతస్తులో. కింద ఒక పక్క వడ్లూ ఉల్లిగడ్డలూ పోసుకునే అర్ర, ఇంకో పక్క రోడ్డు వైపు షట్టర్ ఉన్న పొడుగాటి గది. ఇల్లు కట్టేటప్పుడు మీ తాత మేస్త్రీకి ఆ జాగా చూపించి, ఇక్కడ కారు ఉంటుందని చెప్పాడు. ఆ ఒక్క మాటకే దానికి కారు షెడ్డు అని పేరు వచ్చింది. వాడంతా అదే పేరు. కారు మాత్రం రాలేదు. ముందు ట్రాక్టర్ తెద్దాం, కారు దాని వెనకే వస్తుందన్నాడు. ట్రాక్టర్ వచ్చింది. షెడ్డు గోడలు లేపే ముందు ఆ ట్రాక్టర్‌ను తెచ్చి అక్కడ నిలబెట్టి, అటొక జానెడు ఇటొక జానెడు వదిలి, నేల మీద గీత గీసింది కూడా ఆయనే. మేస్త్రీ ఇంకాస్త వదులుదామన్నాడు. ఉన్న జాగా అంతా గాలికి ఇస్తే మనుషులు ఎక్కడుంటారని మీ తాత వినలేదు. ఈ గీత సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

కొన్నేళ్ళకు ఆయన సేద్యం మానేశాడు. పొలం కౌలుకిచ్చి, ట్రాక్టర్ అమ్మేశాడు. కొన్నాయన కొత్త సీటు వేయించుకుంటాను, పాతది నువ్వే ఉంచుకో అన్నాడట. ఆ సీటు తెచ్చి ఖాళీ షెడ్డులో ఒక మూలకు పెట్టాడు. అంతే, ఇక దానికి చుట్టాలు రావడం మొదలైంది. మందు కొట్టే పంపు వచ్చింది, అందులో మందు పడే దారే లేదు. బోరు పైపుల ముక్కలు వచ్చాయి. చేనులో కలుపు తీసే గుంటుక వచ్చింది, దానికి ఎడ్లు లేవు. కాలిపోయిన స్టార్టర్ డబ్బాలు, నీళ్ళు కాచే రాగి గుండిగ, నవారు మంచాలు, కూలర్, ఎవరి పెళ్ళిలోనో మిగిలిన, పందిరి మీద కప్పే తాటిపత్రి, పందిరి గుంజలు, గోనె సంచులు. సంచుల్లో సంచులు, ఆ సంచుల్లో ఇంకా చిన్న సంచులు. మా ఇంట్లో ఏదైనా చచ్చిపోతే బయటికి పోదు, కిందికి పోతుంది. నేను అడిగితే ఆయనది ఒకటే మాట, ఎప్పుడన్నా పనికొస్తుందని. ఆ ఎప్పుడన్నా అనేది ఏ వారం వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. మెట్లు దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను. కూరగాయల బండి వస్తే తాడుకు బుట్ట కట్టి వదిలేదాన్ని. ఆ బండి ఆయన నేను అడిగినది కాక ఆయనకు అమ్ముడుపోనిది వేసి పంపేవాడు. అలా ఉండగా మీర్‌పేట్ నుంచి నా చెల్లె, అంటే మీ చిన్నమ్మమ్మ, ఫోన్ చేసింది. వాళ్ళ ఇంటికి ఆనుకుని ఉన్న ఇల్లు అమ్ముతున్నారట. కిందనే అన్నీ. మెట్టు లేదు, గడప కూడా ఎత్తు లేదు. రెండు ఇళ్ళకూ నడుమ ఒకటే గోడ, అదీ మన భుజం దాకే. ఆ ఇంటాయన మీ చిన్నతాతకు బాగా తెలిసినవాడు కాబట్టి దసరా దాకా ఆగుతానన్నాడు. దసరా దాటితే వేరేవాళ్ళకు మాటిచ్చేస్తాడు.

చెల్లెకూ నాకూ మధ్య అప్పటికి ఫోనే ఉంది. పొద్దున ఏం కూర వండావు అని మొదలుపెడితే, వండింది తిని గిన్నెలు తోముకునేదాకా నడిచేది. చిన్నప్పుడు ఒక్క దుప్పట్లో పడుకున్నవాళ్ళం, ముసలితనంలో ఒక్క గోడకు చేరితే చాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. పడుకుంటే ఆ గోడే కనిపించేది. కానీ మా ఇల్లు అమ్ముడుపోతేనే ఆ ఇల్లు.

మీ తాతతో చెప్పాను. ఆయన కాదనలేదు, అవుననలేదు. మీసం సవరించుకుని, "అక్కచెల్లెండ్లు ఇద్దరు ఒక్క గోడకు చేరితె, నా చెవులు ఎవలకు కిరాయికియ్యాలె?" అన్నాడు. అమ్మడానికి ఒప్పుకున్నట్టే అని నేను అర్థం చేసుకున్నాను.

ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, రెండు ఫోన్లు. వెంచర్ల దగ్గర తిరిగి తిరిగి ఆయనకు మనుషులు కూడా ప్లాట్లలాగే కనబడతారు, నన్ను చూసి మూల మీది బిట్టు అనుకుని ఉంటాడు. మొదట ఒక కుటుంబాన్ని తెచ్చాడు. వాళ్ళు షట్టర్ ఎత్తి లోపలికి చూసి, పాత సామాను కొనే దుకాణం కిరాయికిచ్చారా అని అడిగారు. రెండోసారి వచ్చినాయన షెడ్డులోకి ఒక్క అడుగు వేశాడు. గుంటుక పళ్ళు పంచెను పట్టుకున్నాయి. ఆయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

అప్పుడు ఏజెంటు మెట్లెక్కి వచ్చి నాతో చెప్పాడు.

"పెద్దమ్మా, ఇల్లు మంచిగనే ఉంది. గని ఇప్పుడొచ్చెటోళ్ళు దేవుని అర్ర కన్న ముందుగాల కారు జాగ చూస్తున్నరు. గా షెడ్డు ఖాళీ చేయిండ్రి. జర సున్నమేసి, ఒక కారు లోపట నిలవెట్టుండ్రి. అప్పుడు పార్టీని నేను తెస్త."

ఇంకో మాట కూడా చెప్పి పోయాడు. వినాయకుడు నీళ్ళలో కలిశాక పెత్తరమాస దాకా పెద్దల రోజులు, అప్పుడు ఎవరూ బయానా పెట్టరు. అది దాటితే బతుకమ్మ, బతుకమ్మ వెంటే దసరా. కాబట్టి ఏమైనా కానీ వినాయకచవితి లోపలే కావాలి. అప్పటికే శ్రావణం నడుస్తోంది.

మర్నాడే మీ తాతను కిందికి తోలాను. నేను పైన వాకిట్లో కుర్చీ వేసుకుని కటకటాల్లోంచి చూస్తున్నాను. ఆయన మందు పంపును బయటికి తెచ్చాడు. గుడ్డతో తుడిచాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఏ ఏడు పత్తికి ఎంత పురుగు పడిందో దానికే గుర్తుచేసినట్టు కాసేపు మాట్లాడాడు. మళ్ళీ లోపలికి తీసుకుపోయి వేరే మూలకు పెట్టాడు. తర్వాత స్టార్టర్ డబ్బా. అదీ అంతే. సాయంత్రానికి షెడ్డులోని సామాను అంతా స్నానం చేసి జాగా మారి కూర్చుంది. ఒక్కటి కూడా తగ్గలేదు. పైగా వాటి కోసం కొత్త చీపురు ఒకటి కొనుక్కొచ్చి, పాత చీపురును కూడా లోపలే పెట్టాడు.

ఇలా కొన్నాళ్ళు నడిచింది. నేను కోపం చేస్తే పోయి ఇంకోసారి తుడిచేవాడు. ఆయన ఇల్లు అమ్మనని అనడు. షెడ్డు ఖాళీ కాదు, అంతే. మీర్‌పేట్ ఇంటి గోడ నా కళ్ళ ముందు కొద్దికొద్దిగా ఎత్తు పెరుగుతున్నట్టు అనిపించి, ఒకరోజు చెల్లెకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. అది నవ్వింది. దానికి మీ తాత సంగతి నాకంటే బాగా తెలుసు, చిన్న మరదలు కదా.

"అక్కా, బావను పారేయుమంటే పారేస్తడా? అమ్ముమంటే అమ్ముతడా? ఎవలన్న ఇంటికొచ్చి అడిగితే మాత్రం కాదంటడా? గా సంగతి చూడు నువ్వు."

నాకు బుద్ధి అప్పుడు వచ్చింది. మన దిక్కు సేద్యం చేసే ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పనిముట్టు ఊరికే మూలకు పడి ఉన్నా ఎవరూ పారేయరు, పాతసామాను వాడికి తూకానికి వేయరు. కానీ ఎవరైనా వాకిట్లోకి వచ్చి, ఫలానా పనికి కావాలి అని నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. మీ తాత ఆ పద్ధతిలోనే పుట్టినవాడు. అడిగినవాడికి చేతిలోది ఇస్తాడు, అడగకపోతే చచ్చినా వదలడు.

ఇక నేను ఫోన్ పట్టుకున్నాను. తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ చెప్పాను. వచ్చి అడగండి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి అని. మర్నాటి నుంచి మా గేటు ముందు జనం. ఒకామె నవారు మంచం అడిగింది. ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు, ఆ మంచం మీద ఎవరెవరు పడుకున్నారో, నవారు ఎక్కడ అల్లించాడో అంతా చెప్పాడు. ఆమె మంచం నెత్తిన పెట్టుకుని నిలబడే విన్నది. గోనె సంచుల కోసం వచ్చినవాడికి మధ్యాహ్నం అన్నం కూడా పెట్టాల్సి వచ్చింది, కథ అప్పటికి సగమే అయింది. పందిరి గుంజలు వినాయకుడి మండపం వాళ్ళు అడిగారు. అవి ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త సంతోషపడ్డాడు, ఏటా ఎక్కడ నాటాలో ఆయనే పోయి చూపిస్తాడు కాబట్టి.

గుంటుక దగ్గర తకరారు అయింది. మా మరిది కొడుకు ఒకడు సాగర్ రోడ్డు మీద ఫామ్‌హౌస్ కట్టుకున్నాడు. వాడు వచ్చి గుంటుక అడిగాడు. మీ తాతకు ముఖం వెలిగిపోయింది, ఇంకా సేద్యం చేసేవాడు ఒకడున్నాడని. ఏ పంటకని అడిగాడు. వాడు పంటకు కాదు, గోడకు తగిలిస్తానని, వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారని చెప్పాడు.

"గుంటుక గోడకెక్కితే, చేన్ల గడ్డి నువ్వు పీకుతవార?" అన్నాడు మీ తాత.

చేను లేదు పెదనాన్నా, లాన్ ఉంది అని వాడు నెమ్మదిగా చెప్పాడు. అయినా ఇచ్చాడు. అడిగాడు కదా. కాకపోతే పళ్ళు నేలకు చూసేట్టు తగిలించాలని, ఆకాశానికి చూసేట్టు పెడితే వచ్చి పీక్కొస్తానని షరతు పెట్టాడు.

ఇలా షెడ్డు కరిగింది. రాగి గుండిగను మాత్రం నేనే చెల్లెకు పంపాను. ఎక్కడికి పోయిందని అడిగితే, అడిగినవాళ్ళు తీసుకుపోయారని చెప్పాను. అబద్ధం కాదు, చెల్లె అడిగింది. చివరకు ఒక్క వస్తువు లెక్కకు రాలేదు. ట్రాక్టర్ సీటు. అడగడానికి ఎవరినీ పంపలేదు, దాన్ని ఎవరు అడుగుతారు? అయినా షెడ్డులో లేదు. తర్వాత మంచం కింద ఊడ్చేటప్పుడు నా చీపురుకు తగిలింది. దుప్పటి కప్పి పెట్టాడు, అడిగేవాళ్ళ కంటపడకుండా. నేను చూశానని చెప్పలేదు. దుప్పటి మాత్రం తీసి ఉతికి పాతది కప్పాను, అది నా మంచి దుప్పటి.

ఖాళీ అయ్యాక చూస్తే బిడ్డా, నేనే గుర్తుపట్టలేదు. నేల మీద ట్రాక్టర్ కార్చిన నూనె మరకలు ఉన్నాయి. బట్టల సోడా చల్లి కొబ్బరి పీచుతో రుద్దించాను. గోడలకు తెల్ల సున్నం వేశారు. షట్టర్‌కు గ్రీజు పెట్టారు, అంతకుముందు దాన్ని ఎత్తితే వాడంతా లేచేది, ఇప్పుడు గుటక వేసినంత చప్పుడు కూడా లేదు. రెండు వైపులా కిటికీలు ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది. వాటి వెనకాల ఇన్నేళ్ళూ పైపులు నిలబడి ఉన్నాయి. గుమ్మంలో ముగ్గు వేయించాను.

మీ తాత వచ్చి చూశాడు. పోయి కుర్చీ తెచ్చుకుని నడిమధ్యలో వేసుకుని పేపర్ చదివాడు. మర్నాడు మధ్యాహ్నం అక్కడే చాప వేసుకుని పడుకున్నాడు. లేచి వచ్చి, కింద ఎంత చల్లగా ఉందో, గాలి ఎట్లా ఆడుతోందో చెప్పి, ఇంత మంచి గది ఎవరికో ఇచ్చుడు ఏందని అడిగాడు. చెత్త ఉన్నప్పుడు చెత్త కోసం అమ్మలేదు, చెత్త పోయాక గది కోసం అమ్మడట. నేను ఏజెంటుకు ఫోన్ చేసి, వెంటనే పార్టీని తెమ్మన్నాను.

ఆ ఆదివారం వస్తామన్నారు. భార్యాభర్తలు. ఆయన దగ్గరలో ఏదో కంపెనీలో పనిచేస్తాడు, ఆమె ఇంట్లోనే మగ్గం పని, అంటే చీరలకూ జాకెట్లకూ పూసలూ జరీ కుడుతుంది. వాళ్ళది పెద్ద కారట. లోపల కారు ఒకటి నిలబెట్టి చూపించాలి కదా. పక్కింటి సారును అడిగాను. కాలేజీలో పాఠాలు చెబుతాడు, మెత్తని మనిషి, కొంచెం భారీ మనిషి కూడా. కొత్తగా కారు కొన్నాడు, వెనక తలుపు మీదికి లేచే రకం. అడిగితే కాదనడు, ఆయనా ఇక్కడివాడే.

వాళ్ళు వచ్చే ముందు సారు కారు తెచ్చాడు. మీ తాత షెడ్డు లోపల నిలబడి, ట్రాక్టర్‌ను రమ్మన్నట్టే రెండు చేతులతో పిలిచాడు. రానీ, రానీ, అటు కొట్టు, ఇటు కొట్టు. కారు నున్నగా లోపలికి పోయి నిలబడింది. అటొక జానెడు, ఇటొక జానెడు. చూడముచ్చటగా ఉంది. నేను పై నుంచి దండం పెట్టుకున్నాను. మీ తాత ముందర నుంచి గోడకు వీపు రాసుకుంటూ ఎట్లాగో బయటికి వచ్చాడు. ఆయన సన్నం కాబట్టి సరిపోయింది, బనీను వెనక మాత్రం కొత్త సున్నమంతా అంటింది.

సారు బయటికి రాలేదు. కాసేపటికి లోపల నుంచి గొంతు వినబడింది.

"పెదబాపూ, తలుపు తెరుసుకుంటలేదు."

"జర గట్టిగ నూకు సారూ, కొత్తది గద."

"తలుపు మంచిగనే ఉంది పెదబాపూ. గోడ జరుగుతలేదు."

అప్పుడు గుర్తొచ్చింది ఆ గీత. ట్రాక్టర్‌కు పక్క తలుపులు ఉండవు బిడ్డా. మీ తాత షెడ్డులోకి ట్రాక్టర్ తోలి, సీటు మీదే లేచి నిలబడి, వెనక ట్రాలీ తగిలించే కొక్కెం మీద కాలు పెట్టి దిగేవాడు. అన్నేళ్ళూ అట్లాగే దిగాడు. మనిషి దిగడానికి పక్కన జాగా కావాలన్న ఆలోచన ఆయనకు కట్టేటప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. మేస్త్రీ అందుకే అడిగి ఉంటాడు ఇంకాస్త వదులుదామని.

సారు వెనక్కి తీస్తానన్నాడు. తీసేవాడే. అప్పుడే ఏజెంటు బండి వచ్చి ఆగింది, దాని వెంట ఆ భార్యాభర్తల పెద్ద కారు వచ్చి సరిగ్గా షట్టర్ ముందు నిలబడింది. ఇక సారు లోపలే. మీ తాత వాళ్ళకు ఎదురుపోతూ, వెనక్కి తిరిగి చిన్నగా, సారూ జర వంగి కూసో అన్నాడు. అంత మనిషి ఎక్కడ వంగుతాడు చెప్పు.

వాళ్ళను ముందు పైకి తెచ్చారు. వంట అర్ర, దేవుని అర్ర, బోరు నీళ్ళు, అన్నీ చూశారు. ఆమెకు అంతా నచ్చినట్టే ఉంది, ఆయన మాత్రం అన్నిటికీ తల ఊపుతూ కిందికి చూస్తున్నాడు. నాకు కింద సారు మీదే ప్రాణం. వాళ్ళు మిద్దె మీదికి పోగానే టీ గ్లాసు పట్టుకుని గోడ పట్టుకుని మెట్లు దిగాను. ఆ రోజు మోకాళ్ళు నొచ్చిన సంగతి కూడా తెలియలేదు. కారు వెనక తలుపు ఎత్తించి, సీట్ల మీదుగా చెయ్యి చాచి టీ ఇచ్చాను. ఏమనుకోకు సారూ అన్నాను. నీడలోనే ఉన్న పెద్దమ్మా, ఆదివారం ఇంట్ల ఉంటే గింత ఆరాం దొరకది అన్నాడు. మంచి మనిషి.

నేను అక్కడి నుంచి కదలకముందే వాళ్ళందరూ కిందికి దిగి వచ్చారు. కారులో మనిషి టీ తాగుతున్నాడు. ఆమె చూసి, ఈయన ఎవరని అడిగింది. ఏజెంటు, ఈ ఇంటి కారే అని మొదలుపెట్టాడు. మీ తాత ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా పక్కింటి సారు. కారు ఆయనది. దిగరాక కూసున్నడు. నేను ట్రాక్టర్‌కు కొలిచి కట్టిన, బిడ్డా. కారు పడుతది, మనిషి పట్టడు."

ఏజెంటు రెండు ఫోన్లలోకీ ఒకేసారి చూశాడు. ఇంటి కోసం వచ్చినాయన మెల్లగా తన పెద్ద కారు వైపు చూశాడు, తర్వాత షెడ్డు వైపు చూశాడు. ఆయన కారు ఇంకా వెడల్పు. నాకు మీర్‌పేట్ గోడ ఆకాశానికి లేచిపోయినట్టు అయింది. మీ తాత ముఖం చూశాను. సిగ్గు పడుతున్నాడు, నిజమే. కానీ ఆ సిగ్గు వెనకాల మూలకు కాస్త నిమ్మళం కూడా ఉంది. ఇక అమ్మే పని లేదని. రేపటి నుంచి చాప వేసుకోవచ్చని.

ముందు సారును బయటికి తియ్యాలి. వాళ్ళ కారు వెనక్కి జరపడానికి తాళం చెవులు వెతుకుతున్నారు, అవి మిద్దె మీద మరిచివచ్చారట. సారు ఇక ఆగలేక, వెనక సీట్లు మడిచి, ఆ వెనక తలుపులోంచి రావడానికి పూనుకున్నాడు. మొదట చెప్పులు వచ్చాయి. తర్వాత కాళ్ళు వచ్చాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మీ తాతా ఏజెంటూ చెరో కాలు పట్టుకున్నారు. ఖాళీ టీ గ్లాసు ముందు ఇచ్చి, గ్లాసు భద్రం అన్నాడు సారు లోపల నుంచి. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళాయన మొదట నవ్వు ఆపుకున్నాడు, సారు పూర్తిగా బయటికి వచ్చి అందరికీ నమస్కారం పెట్టేసరికి ఆయన వల్ల కాలేదు. అందరం నవ్వాం. మీ తాత కూడా.

తర్వాత తాళం చెవులు దొరికి పెద్ద కారు జరిపారు, ఏజెంటు వెనక తలుపులోంచి దూరి సారు కారు బయటికి తీశాడు. పోతాం అన్నట్టు వాళ్ళాయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె మాత్రం ఖాళీ షెడ్డులోకి పోయింది. ఒక గోడ నుంచి ఇంకో గోడకు నడిచింది. కిటికీ తెరిచి, చెయ్యి చాచి వెలుతురు చూసుకుంది. నేల మీద చెయ్యి పెట్టి చూసింది. వాళ్ళ కిరాయి ఇంట్లో మగ్గం మంచం మీద పెట్టి కుడుతుందట, రాత్రి పడుకోవాలంటే మళ్ళీ తీసి నిలబెట్టాలి. పని నేర్చుకుంటామని ఆడవాళ్ళు వస్తే కూర్చోబెట్టడానికి జాగా లేదు.

బయటికి వచ్చి ఏజెంటును చూడలేదు, నన్ను చూడలేదు. సూటిగా మీ తాత ముందుకు వచ్చింది.

"బాపూ, గీ అర్ర నాకు పనికొస్తది. నాకియ్యి."

నేను చెప్పలేదు బిడ్డా. చెల్లె మీద ఒట్టు. ఆమెకు మా సంగతేమీ తెలియదు, తనంతట తానే అడిగింది. వాకిట్లో నిలబడి, పని చెప్పి, నోరు తెరిచి.

మీ తాత నన్ను చూశాడు. నేను ముగ్గును చూశాను. వాళ్ళాయన, మరి కారు ఎక్కడ పెడదామని అడిగాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే, "కారు తడిస్తె ఆరుతది. మగ్గం మీది చీర తడిస్తె?" అంది. బట్టలుతికే బండ పక్కన ఖాళీ జాగా ఉంది, రేకు వేసుకుంటే కారుకు సరిపోతుందని సారు చెప్పాడు. ఎంతైనా తలుపులు అటూ ఇటూ తెరుచుకుంటాయని కూడా చెప్పాడు పాపం.

మీ తాత కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత ఆమె కంటే ముందు షెడ్డులోకి నడిచాడు.

"మగ్గం గిటు దిక్కు పెట్టకు బిడ్డా, వానకు జల్లు కొడ్తది. గా మూలకు పెట్టు. గా కిటికిలకెళ్ళి పొద్దుగూకెదాక వెలుగుంటది. గీ మరక ఉంది సూడు, ట్రాక్టర్ తెచ్చిన కొత్తల..."

కథ మొదలుపెట్టాడు అంటే ఇచ్చేశాడన్నమాట. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆమె నిలబడి అంతా విన్నది. వాళ్ళాయన బయట కారుకు ఆనుకుని విన్నాడు. ఏజెంటు ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటూ విన్నాడు. సారు ఇంటికి పోయి అన్నం తిని వచ్చి మిగతాది విన్నాడు.

వినాయకచవితి ముందే బయానా పెట్టారు. బతుకమ్మ నాటికి మేము మీర్‌పేట్‌లో ఉన్నాం, చెల్లెతో కలిసి ఒక్క తాంబాళంలో పూలు పేర్చాను. గోడ నిజంగానే భుజం దాకే ఉంది. కూర గిన్నె ఇటు నుంచి అటు పోయి, ఖాళీగా కాకుండా ఇంకో కూరతో తిరిగి వస్తుంది. మీ తాత చెవులు ఎవరికీ కిరాయికివ్వలేదు. మేము మాట్లాడుకుంటుంటే గోడ దగ్గరికి కుర్చీ జరుపుకుని వింటాడు, నడుమ నడుమ తప్పులు దిద్దుతాడు.

ఈ ఇంటికీ ముందర కారు పెట్టే జాగా ఉంది. కారు లేదు. మొన్న చూస్తే రంగు డబ్బాలు నాలుగు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన కరెంటు పనివాళ్ళు వదిలిపోయిన తీగ చుట్ట. నిన్న ఒక విరిగిన నిచ్చెన వచ్చింది. ఏమయ్యా ఇది అంటే, ఎప్పుడన్నా పనికొస్తుందట. నేను గోడ అవతలికి చూశాను. చెల్లె తల ఊపింది. ఈ వారంలో ఎవరో ఒకరు వచ్చి నిచ్చెన అడుగుతారు.

ఆ జాగా మూలన రెండు ఇటుకల మీద ట్రాక్టర్ సీటు ఉంది. పొద్దున పేపర్ దాని మీదే చదువుతాడు. దాన్ని అడగడానికి ఎవరినీ పంపొద్దని చెల్లెకు చెప్పాను. ఇది మాత్రం రాయకు. లేదా రాయి, ఆయన అద్దాలు పెట్టుకోకుండా ఇంత దూరం చదవడు.